జేబులో బస్టాపు

2008 ప్రాంతంలో అమెరికాలోని సియాటిల్, పిట్స్‌బర్గ్ నగరాల్లో కొందరి ఫోన్ల తెర మీద ఒక ధ్రువపు ఎలుగుబంటి ఉండేది. వారం మొదట్లో చిన్న మంచుముక్క మీద నిలబడేది. ఫోను యజమాని ఆఫీసుకు నడిచి వెళ్తే ఆ మంచుముక్క కాస్త పెరిగేది. బస్సెక్కితే ఇంకాస్త పెరిగేది. తోటి ఉద్యోగితో కలిసి ఒకే కారులో వెళ్లినా లెక్కలోకి వచ్చేది. ఎలుగుబంటి వద్దనుకున్నవాళ్లకు ఒక చెట్టు ఉండేది. ముందు మోడు, ఆపైన ఆకులు, పూలు, చివరికి పండ్లు. కారులో ఒంటరిగా తిరిగినందుకు శిక్షేమీ లేదు. చెట్టు చిగురించదు, అంతే.

యూబీగ్రీన్ అనే ఈ ప్రయోగం వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, ఇంటెల్ సంస్థల పరిశోధకులది. జాన్ ఫ్రోలిక్ దీనికి ముఖ్యుడు. మూడు వారాలు నడిచింది. పాల్గొన్నవాళ్లు పట్టుమని పదిహేను మంది లేరు. అంత చిన్న ప్రయోగం కార్లు తగ్గాయో లేదో తేల్చలేదు. కానీ ఈ రంగంలో ఆ తర్వాత జరిగిన పనికంతటికీ మూలమైన ప్రశ్నను ముందుపెట్టింది: మనిషి ఎలా తిరుగుతున్నాడో ఫోను గమనించి అతనికే చూపిస్తే, అతను కారు తాళం పక్కన పెడతాడా?

ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పేంత అనుభవం పోగైంది. ప్రయాణపు యాప్‌లు నాలుగు రకాల పనులు చేస్తాయి. ఎలా తిరిగామో లెక్క చూపిస్తాయి. బస్సు ఎక్కడుందో చెబుతాయి. రకరకాల వాహనాల టికెట్లను ఒకచోట కలుపుతాయి. కారు తియ్యకపోతే బహుమతి ఇస్తాయి. ఒక్కో పని ఎంత ఫలించిందో, ఎక్కడ ఆగిపోయిందో చూద్దాం.

ఫోనుకెలా తెలుస్తుంది?

యూబీగ్రీన్ నాటికి ఈ గమనింపు ఫోను ఒక్కదానివల్ల అయ్యేది కాదు. పాల్గొన్నవాళ్లు ఒక చిన్న సెన్సారు పెట్టెను కూడా ఒంటిమీద తగిలించుకుని తిరగాల్సి వచ్చింది. ఆ పెట్టెలోని పరికరం ఇప్పుడు ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ ఉంది. దాని పేరు యాక్సెలరోమీటరు. సిలికాన్ ముక్కలో సన్నని స్ప్రింగుల ఆధారంతో వేలాడే అతి చిన్న బరువు అది. ఫోను కదిలితే ఆ బరువు రవ్వంత పక్కకు జరుగుతుంది. ఆ జరుగుదల విద్యుత్ సంకేతంగా మారి, ఏ దిక్కుకు ఎంత కుదుపు వచ్చిందో అంకెల్లో నమోదవుతుంది.

మామూలు నడకలో సెకనుకు దాదాపు రెండు అడుగులు పడతాయి. గ్రాఫు గీస్తే సమాన దూరంలో నిటారుగా లేచే శిఖరాల వరస కనిపిస్తుంది. పరుగులో ఆ శిఖరాలు దగ్గరపడి ఎత్తు పెరుగుతాయి. సైకిలు తొక్కేటప్పుడు లయ నెమ్మదిస్తుంది, అంచులు గుండ్రబడతాయి. వాహనంలో కూర్చున్నామా, లయ మాయమైపోతుంది. ఇంజను అదురు, రోడ్డు గతుకులు మాత్రం మిగులుతాయి. దీనికి జీపీఎస్ చెప్పే వేగాన్ని జతచేస్తే ఫోను చాలావరకు సరిగ్గానే గుర్తుపడుతుంది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ఈ రెండింటితోనే 93.6 శాతం కచ్చితత్వం సాధించారు.

అయితే అందులో ఒక చిక్కుంది. కారు, బస్సు రెండింటినీ వాళ్లు ‘మోటారు వాహనం’ అనే ఒకే గాటన కట్టారు. కారు వాడకం తగ్గించాలనుకునేవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ తేడాయే. బీజింగ్‌లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు దీనికి వేరే దారి పట్టారు. వాహనం ఎంత తరచుగా ఆగింది, ఎన్నిసార్లు దిశ మార్చింది, వేగం ఎంత హెచ్చుతగ్గులైంది అని చూశారు. సిగ్నళ్ల దగ్గర ఏ వాహనమైనా ఆగుతుంది. స్టాపుల దగ్గర ఆగేది బస్సే. 2011లో షికాగోలో మరికొందరు ఇంకో అడుగు వేశారు. ఫోను జాడను నగరపు బస్సు రూట్ల పటం మీద, ఆ క్షణంలో బస్సులు ఉన్న చోట్ల మీద పరిచి చూశారు. ఫోనూ 22వ నంబరు బస్సూ ఒకే వేగంతో ఒకే దారిలో పోతున్నాయంటే, ఫోను ఆ బస్సులోనే ఉందన్నమాట. కచ్చితత్వం 93.5 శాతానికి చేరింది, ఈసారి బస్సునూ కారునూ విడదీసి మరీ.

మన రోడ్ల మీద ఇది ఇంకా కష్టం. షేర్ ఆటో బస్సులాగే అడుగడుగునా ఆగుతుంది, అయితే స్టాపులో కాకుండా చెయ్యెత్తిన చోటల్లా. ఫ్లైఓవరు మీద పోయే కారుకూ కింద పోయే బస్సుకూ మధ్య తేడాను జీపీఎస్ తేల్చలేదు. బస్సు స్థానాలు సరిగ్గా అందకపోతే షికాగో పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఈ లెక్కకు మరో ధర కూడా ఉంది. రాత్రిళ్లు ఫోను ఎక్కడ ఉంటుందో చూస్తే ఇల్లు తెలుస్తుంది, పగలు ఎక్కడ ఉంటుందో చూస్తే ఆఫీసు తెలుస్తుంది. 15 లక్షల మంది ఫోన్ల జాడలను పరిశీలించిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. పేర్లు తీసేసినా సరే, ఒక మనిషి ఏ వేళ ఎక్కడ ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని ఆ గుంపులోంచి వేరుచేసి పట్టుకోవచ్చని అది తేల్చింది. మన ప్రయాణాలను గమనించే యాప్ ఆ సమాచారాన్ని ఎక్కడ దాస్తుంది, ఎన్నాళ్లు ఉంచుతుంది, ఎవరికి ఇస్తుంది అని అడగడం చాదస్తమేమీ కాదు.

బస్సు ఎక్కడుంది?

కారు ఉన్నవాళ్లు బస్సు ఎందుకెక్కరని అడిగితే రద్దీ, ఉక్కపోత, ఆలస్యం అని చాలా కారణాలు వస్తాయి. వాటి వెనక ఉన్న పెద్ద కారణం అనిశ్చితి. మెహిదీపట్నం బస్టాపులో నిలబడిన ఉద్యోగికి కావలసింది ఒకే ఒక్క కబురు. పక్కనున్న పెద్దావిడను “అమ్మా, మన బస్సు పోయిందా?” అని అడుగుతాడు. “ఇప్పుడే పోయింది బిడ్డా” అంటే, తర్వాతిది ఐదు నిమిషాల్లో రావచ్చు, ముప్పావుగంటకీ రాకపోవచ్చు. కారు తాళం చేతిలో ఉన్న మనిషి ఆ జూదం ఎందుకాడతాడు?

గంటసేపు ఒక్కటీ రాదు, వస్తే మూడు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మనం విసుగుతో అనే ఈ మాట వెనక గట్టి గణితం ఉంది. 1964లో న్యూవెల్, పాట్స్ అనే శాస్త్రవేత్తలు దీన్ని సమీకరణాల్లో పెట్టారు. ముందు బస్సు ఏ కారణం చేతో రెండు నిమిషాలు ఆలస్యమైందనుకుందాం. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో మరికొందరు పోగవుతారు. వాళ్లంతా ఎక్కేసరికి బస్సు ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు ఎక్కేవాళ్లు తక్కువ, కాబట్టి అది త్వరత్వరగా కదిలి ముందుదాన్ని అందుకుంటుంది. ఇక రెండూ జంటగా తిరుగుతాయి. పది నిమిషాలకొక బస్సు చొప్పున సమంగా వస్తే, చెప్పాపెట్టకుండా స్టాపుకొచ్చిన మనిషి సగటున ఐదు నిమిషాలు ఆగుతాడు. అవే బస్సులు రెండేసి కలిసి ఇరవై నిమిషాలకోసారి వస్తే సగటు పది నిమిషాలవుతుంది. డిపో లెక్కలో ఒక్క బస్సు తగ్గలేదు. ప్రయాణికుడి నిరీక్షణ మాత్రం రెట్టింపైంది.

ఈ గందరగోళాన్ని యాప్ సరిచేయలేదు, కానీ దాన్ని ముందే చెప్పగలదు. బస్సులోని జీపీఎస్ పరికరం కొన్ని సెకన్లకోసారి తన చోటును కేంద్రానికి పంపుతుంది. కేంద్రంలోని కంప్యూటరు ఆ చుక్కను రూటు గీత మీద కూర్చోబెట్టి, ఇదే వేళకు ఇదే దారిలో గతంలో ఎంతసేపు పట్టిందో చూసి, ఏ స్టాపుకు ఎప్పుడు చేరుతుందో అంచనా కడుతుంది. సియాటిల్‌లో బ్రయన్ ఫెరిస్, కారీ వాట్కిన్స్ 2008 ప్రాంతంలో ఇలాంటిదే వన్‌బస్‌అవే అనే సాధనం తయారుచేశారు. ఆ తర్వాత బస్టాపుల్లో నిలబడి, ప్రయాణికులు నిజంగా ఆగిన సమయాన్నీ, ఆగామని వాళ్లు అనుకున్న సమయాన్నీ విడివిడిగా నమోదు చేశారు. 2011లో వెలువడిన ఫలితం ఆసక్తికరం. సమాచారం లేనివాళ్లకు నిరీక్షణ ఉన్నదానికంటే ఎక్కువగా తోచింది. యాప్ చూసుకున్నవాళ్లకు ఉన్నంతే తోచింది. మామూలుగా ఎంతసేపు ఆగుతారని అడిగితే యాప్ వాడేవాళ్లు సగటున 7.5 నిమిషాలన్నారు, మిగతావాళ్లు 9.9 నిమిషాలన్నారు. గడియారం పెట్టి చూసినా యాప్ వాడేవాళ్లు దాదాపు రెండు నిమిషాలు తక్కువే ఆగారు. బస్సు దగ్గరికొచ్చాక ఇంట్లోంచి బయల్దేరవచ్చు కదా!

మరి బస్సెక్కేవాళ్లు పెరిగారా? న్యూయార్క్‌లో బస్సుల రాకపోకల సమాచారం ఒక్కో ప్రాంతానికీ విడతలవారీగా అందుబాటులోకి వచ్చింది. అది పరిశోధకులకు కలిసొచ్చింది. సమాచారం అందిన రూట్లనూ ఇంకా అందని రూట్లనూ పోల్చి చూశారు. పనిదినాల్లో ఒక్కో రూటు మీద సగటున 118 ప్రయాణాలు పెరిగాయి, అంటే 1.7 శాతం దాకా. ఉప్పొంగిపోవాల్సినంత కాదు. కానీ కొత్త బస్సు కొనకుండా, కొత్త డ్రైవరును పెట్టకుండా వచ్చిన పెరుగుదల ఇది. ఈ అధ్యాయంలో యాప్‌ల గురించి చెప్పగల నికరమైన మంచిమాటల్లో ఇదొకటి.

దీనికంతటికీ పునాది ఒక సాదాసీదా ఏర్పాటు. బిబియానా మెక్‌హ్యూ అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్‌లో పనిచేసేది. కారులో వెళ్లే దారి ఇంటర్నెట్‌లో చిటికెలో దొరుకుతోంది, బస్సులో వెళ్లే దారి మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదేమిటని ఆమెకు అసంతృప్తి. గూగుల్‌తో కలిసి 2005లో తమ టైంటేబులును కంప్యూటర్లు చదవగలిగేలా ఒక నమూనాలో పెట్టించింది. జీటీఎఫ్‌ఎస్ అనే ఆ నమూనా ఇవాళ ప్రపంచమంతా వాడుకలో ఉంది. విప్పి చూస్తే అందులో ఉండేవి మామూలు అక్షరాల ఫైళ్లు. ఒకదానిలో స్టాపుల పేర్లు, వాటి అక్షాంశ రేఖాంశాలు. ఒకదానిలో రూట్లు. ఒకదానిలో ట్రిప్పులు. మరొకదానిలో ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్ని గంటలకు చేరి ఎన్ని గంటలకు కదులుతుందో వరసగా. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు వచ్చే ఆఖరి బస్సును ఇందులో 25:30 అని రాస్తారు. క్యాలెండరులో తేదీ మారినా డిపో లెక్కలో అది ఇంకా నిన్నటి డ్యూటీయే. కచ్చితమైన టైంటేబులు లేని రూట్లకు ‘ఈ వేళ నుంచి ఆ వేళ దాకా పది నిమిషాలకొకటి’ అని రాసుకునే వెసులుబాటు కూడా ఉంది. ఈ ఫైళ్లను రవాణా సంస్థ అందరికీ తెరిచి ఉంచితే, ఎవరైనా యాప్ తయారుచేసుకోవచ్చు. మన దేశంలో కొచ్చి మెట్రో, ఢిల్లీ బస్సులు 2018లో ఆ పని చేశాయి.

నెలకొక్క చందా

హెల్సింకీలో కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడి ఆల్టో విశ్వవిద్యాలయంలో సోన్యా హైకిలా అనే విద్యార్థిని 2014లో రాసిన సిద్ధాంత వ్యాసం ఒక కొత్త ఊహను ప్రచారంలోకి తెచ్చింది. ఫోనుకు నెలవారీ ప్యాకేజీ కట్టినట్టే ప్రయాణానికీ కట్టవచ్చు కదా? ట్రాము, మెట్రో, టాక్సీ, సైకిలు, అద్దె కారు అన్నీ ఒకే యాప్‌లో, ఒకే బిల్లులో. సొంత కారు ఇచ్చే స్వేచ్ఛను అది లేకుండానే అందించాలన్నది లక్ష్యం. సాంపో హియెటనెన్ నాయకత్వంలో 2015లో పుట్టిన మాస్ గ్లోబల్ సంస్థ దీన్ని ‘విమ్’ అనే యాప్‌గా మార్చింది. అన్నీ కలిసిన ప్యాకేజీ నెలకు 499 యూరోలు. కారు కొని, బీమా కట్టి, పార్కింగుకు చెల్లించి, పెట్రోలు పోసుకునే ఖర్చుతో పోటీపడాలన్నది ఆ ధర వెనక లెక్క. రవాణా సంస్థలన్నీ తమ సమాచారాన్ని, టికెట్ వ్యవస్థను బయటివాళ్లకు తెరవాలని ఫిన్లండ్ ఏకంగా చట్టమే చేసింది. 2018 నుంచి అది అమల్లోకి వచ్చింది.

దీనికి ముందే స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో యుబిగో అనే చిన్న ప్రయోగం జరిగింది. 2013 నవంబరు నుంచి ఆరు నెలలపాటు దాదాపు 70 కుటుంబాలు ఇలాంటి చందాతో తిరిగాయి. కొన్ని కుటుంబాలకైతే సొంత కారును పక్కన పెట్టినందుకు డబ్బు కూడా ఇచ్చారు. కారు వాడకం తగ్గిందని చాలామంది చెప్పారు, పథకం కొనసాగితే బాగుండునన్నారు. కానీ ప్రయోగం ముగిశాక కొనసాగలేదు.

విమ్ కూడా నిలవలేదు. మాస్ గ్లోబల్ 2024 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. బస్సు టికెట్ ధర ప్రభుత్వ రాయితీతో ముందే తగ్గి ఉంటుంది. దాన్ని కొని తిరిగి అమ్మే మధ్యవర్తికి మిగిలేది దాదాపు శూన్యం. టాక్సీ ఖర్చు మాత్రం పూర్తిగా మీదపడుతుంది. పైగా ఇలాంటి యాప్‌ను ముందుగా ఎత్తుకునేది అప్పటికే ట్రాములో తిరిగేవాళ్లు. ‘మా యాప్ వాడేవాళ్లు ప్రజా రవాణాను ఎక్కువగా వాడుతున్నారు’ అని సంస్థ చూపించే అంకెలో సగం గుట్టు అక్కడే ఉంటుంది. యాప్ వల్ల బస్సెక్కారా, బస్సెక్కేవాళ్లు కాబట్టి యాప్ పెట్టుకున్నారా? అటువైపు బెర్లిన్ నగర రవాణా సంస్థ బీవీజీ 2019లో ఇదే పనికి ‘యెల్బి’ అనే యాప్‌ను తానే తెచ్చింది. బస్సు నడిపేవాళ్లే యాప్ నడిపితే టికెట్ మీద లాభం గుంజాల్సిన అవసరం ఉండదు.

బహుమతి ఇస్తే?

2006లో నెదర్లాండ్స్‌లో జూటర్‌మేర్ నుంచి హేగ్ వెళ్లే హైవే మీద ఒక ప్రయోగం చేశారు. 340 మంది కారు యజమానులు పాల్గొన్నారు. ఉదయం రద్దీ వేళలో ఆ దారిలో కారు తియ్యకపోతే రోజుకు 3 నుంచి 7 యూరోలు ఇచ్చారు. డబ్బు వద్దనుకున్నవాళ్లు మార్కులు కూడబెట్టుకుని ట్రాఫిక్ సమాచారం చూపించే యెతి అనే ఫోనును సొంతం చేసుకోవచ్చు. ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. పాల్గొన్నవాళ్ల రద్దీ వేళ ప్రయాణాలు సుమారు సగానికి పడిపోయాయి. అయితే ఎక్కువమంది కారును మానలేదు, ముందో వెనకో బయల్దేరారంతే. బహుమతి ఆగాక చాలామంది మళ్లీ పాత వేళకే తిరిగొచ్చారు.

ఇలాంటి ప్రయోగానికి మన దగ్గరా ఒక పెద్ద ఉదాహరణ ఉంది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు బాలాజీ ప్రభాకర్, ఇన్ఫోసిస్ కలిసి 2008 అక్టోబరు నుంచి ఆరు నెలలు బెంగళూరులో నడిపారు. దాదాపు 14,000 మంది ఉద్యోగులు ఇందులో ఉన్నారు. పొద్దున్నే త్వరగా ఆఫీసు చేరినవాళ్లకు పాయింట్లు, వారం వారం లాటరీ. అందరికీ తలా నాలుగు రూపాయలు పంచితే ఎవరూ పట్టించుకోరు. అదే సొమ్మును కొద్దిమందికి పెద్ద బహుమతులుగా ఇస్తే అందరూ ఆశపడతారు. బస్సులో వచ్చే ఉద్యోగుల ఉదయపు ప్రయాణం సగటున 71 నిమిషాల నుంచి 54కు తగ్గింది.

ఇటలీలోని బొలోన్యా 2017లో అసలు లక్ష్యానికే, అంటే కారుకే గురిపెట్టింది. ‘బెల్లా మోస్సా’ అనే ఆ పథకంలో నడిచినా, సైకిలు తొక్కినా, బస్సెక్కినా యాప్‌లో పాయింట్లు పడేవి. వాటితో ఐస్‌క్రీమ్, బీరు, సినిమా టికెట్ తీసుకోవచ్చు. పాయింట్లు దూరాన్ని బట్టి కాకుండా ప్రయాణానికి ఇన్ని అని ఇవ్వడం, రోజుకు నాలుగు ప్రయాణాలే లెక్కించడం ఇందులోని తెలివి. లేకపోతే పాయింట్ల కోసం ఊరికే ఊరు చుట్టేసేవాళ్లు తయారవుతారు. ఆరు నెలల్లో 37 లక్షల కిలోమీటర్లు లెక్కకొచ్చాయి. అందులో కారుకు బదులుగా తిరిగినదెంత, ఎలాగూ నడిచేవాళ్ల నడక ఎంత అన్నది ఆ మొత్తం ఒక్కటే చూసి చెప్పలేం.

స్విట్జర్లాండ్ పరిశోధకులు ఆ చిక్కును విప్పాలని చూశారు. గోఎకో అనే యాప్‌ను జ్యూరిక్ నగరంలోనూ, దక్షిణాన టిచీనో ప్రాంతంలోనూ పరీక్షించారు. యాప్ వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ పోల్చారు. టిచీనోలో రోజూ తిరిగే దారుల మీద మార్పు కనిపించింది. జ్యూరిక్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. జ్యూరిక్‌లో ట్రాము గుమ్మం ముందుకే వస్తుంది, జనం ముందునుంచే కారు తక్కువ వాడతారు. కారు ఎక్కువగా వాడే టిచీనోలో తగ్గించుకోవడానికి చోటుంది. అన్నిటికంటే పెద్ద పాఠం మరొకటుంది. ఉత్సాహంగా యాప్ పెట్టుకున్నవాళ్లలో చాలామంది మధ్యలోనే వదిలేశారు. చివరిదాకా నిలిచినవాళ్లు కొద్దిమందే.

దారి తప్పిన యాప్‌లు

ఇంతదాకా చెప్పినవి మంచి ఉద్దేశంతో చేసినవి. ఫోను తెచ్చిన మార్పులన్నీ ఆ దిశలోనే లేవు. యాప్‌తో కారు పిలిపించుకునే సేవలు వచ్చిన కొత్తల్లో ఇక సొంత కార్లు తగ్గి రోడ్లు ఖాళీ అవుతాయని ఆశపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2010, 2016 సంవత్సరాలను పోల్చిన అధ్యయనం 2019లో వెలువడింది. ట్రాఫిక్ ఆలస్యం 62 శాతం పెరిగిందని, ఆ సేవలు లేకపోయి ఉంటే పెరుగుదల 22 శాతమే ఉండేదని తేల్చింది. ఖాళీగా తిరిగే కార్లు, బస్సు వదిలి కారెక్కినవాళ్లు ఆ తేడాకు కారణం. యాప్ ఏదైనా ప్రయాణాన్ని తేలిక చేస్తుంది. దేన్ని తేలిక చేస్తే అదే పెరుగుతుంది.

ధర వేస్తే ఏమవుతుందో బెంగళూరులోనే ఆర్థికశాస్త్రవేత్త గేబ్రియల్ క్రైండ్లర్ 2017లో పరీక్షించాడు. సుమారు 500 మంది వాహనదారుల ఫోన్లలో యాప్ పెట్టి, రద్దీ వేళ బయల్దేరితే వాళ్ల ఖాతాలోంచి డబ్బు కోసేలా ఏర్పాటు చేశాడు. జనం బయల్దేరే వేళను కొంత ముందుకు జరుపుకున్నారు. కానీ లెక్కంతా వేసి చూస్తే, వేళలు సర్దినంత మాత్రాన నగరానికి కలిగే మేలు స్వల్పమేనని తేలింది. బెంగళూరు ట్రాఫిక్‌లో బండ్లు పెరిగే కొద్దీ ఆలస్యమూ క్రమంగానే పెరుగుతుంది. కొన్ని బండ్లను పక్క గంటకు జరిపితే ఇక్కడ తగ్గినదానిలో చాలాభాగం అక్కడ చేరుతుంది. నిజంగా తగ్గాల్సింది బండ్ల సంఖ్యే.

అది తగ్గించిన నగరాల చరిత్రలో యాప్ పాత్ర చిన్నది. స్టాక్‌హోమ్ 2006లో నగరంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టింది. సరిహద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. వియన్నా 2012 మేలో ఏడాది పాసు ధరను 365 యూరోలకు, అంటే రోజుకొక యూరోకు తగ్గించింది. అదే సమయంలో పార్కింగు రుసుము పెంచి మరిన్ని వీధులకు విస్తరించింది. పాసుదారులు 8 లక్షలు దాటారు. అక్కడ మెట్రో, ట్రాము నిమిషాల తేడాలో వస్తాయి. ఆ తర్వాతే యాప్.

మన నగరాల సంగతి

హైదరాబాద్‌లో మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మూడు మార్గాల్లో కలిపి 69 కిలోమీటర్లు. 2022 నుంచి వాట్సాప్‌లోనే టికెట్ దొరుకుతోంది. బస్సు ఎక్కడుందో చూసుకోవడానికి ఆర్టీసీ 2023 ఆగస్టులో ‘గమ్యం’ యాప్ తెచ్చింది. ఇవి మంచి అడుగులు. అయినా మెట్రో దిగాక ఆఖరి రెండు కిలోమీటర్లు ఎలా అన్న ప్రశ్న దగ్గరే చాలామంది ప్రయాణం తెగిపోతుంది. అక్కడ ఫుట్‌పాత్ లేకపోతే, ఫీడరు బస్సు వేళకు రాకపోతే, ఫోను తెర మీద ఎంత అందమైన పటం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బస్సులు పెంచకుండా యాప్ తేవడం విస్తరి వేసి అన్నం వడ్డించకపోవడం లాంటిది.

ధర చేసే పని ఎంతటిదో మనమూ చూశాం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. యాప్ లేదు, పాయింట్లు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు. కొద్ది రోజుల్లోనే బస్సులు కిక్కిరిశాయి. అప్పుడు కనిపించిన కొరత యాప్‌లది కాదు, బస్సులది.

అలాగని యాప్‌ను తీసిపారేయనక్కర్లేదు. అది బాగా పనిచేసే సమయం ఒకటుంది. 2014 ఫిబ్రవరిలో లండన్ భూగర్భ రైళ్లలో రెండు రోజుల సమ్మె జరిగింది. లక్షల మంది వేరే దారులు వెతుక్కున్నారు. సమ్మె ముగిశాక సుమారు 5 శాతం మంది పాత దారికి తిరిగి వెళ్లలేదని టికెట్ కార్డుల సమాచారం విశ్లేషించిన ఆర్థికశాస్త్రవేత్తలు తేల్చారు. అంతకంటే మేలైన దారి వాళ్లకు ఎప్పటినుంచో అందుబాటులోనే ఉంది, అలవాటు దాన్ని చూడనివ్వలేదు. అలవాటు చెదిరిన రోజునే కొత్త దారి చెవికెక్కుతుంది. ఇల్లు మారిన వారం, కొత్త ఉద్యోగంలో చేరిన వారం, ఇంటి దగ్గర కొత్త బస్సు రూటు పడిన వారం అలాంటివి. నగర పాలకులు యాప్ ప్రచారానికి పెట్టే డబ్బును అందరి మీదా చల్లకుండా, ఆ వారాల్లో ఉన్నవాళ్ల మీద పెడితే ఫలం దక్కుతుంది.

కాబట్టి వరస మారకూడదు. ముందు బస్సులు, వాటికి అడ్డులేని దారి, నడవడానికి ఫుట్‌పాత్. తర్వాత కారుకు తగిన పార్కింగు ధర. ఆ తర్వాత అందరికీ తెరిచిన బస్సుల సమాచారం, దాని మీద యాప్. మీ నగరంలో కొత్త ప్రయాణపు యాప్ ప్రారంభించారని ఈసారి పేపర్లో చదివితే, ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారని అడగకండి. ఈ ఏడాది కొత్తగా ఎన్ని బస్సులు రోడ్డెక్కాయి, వాటి సమాచారం అందరికీ ఇస్తున్నారా అని అడగండి. ఆ రెండింటికీ జవాబు దొరికిన ఊళ్లోనే ఆ యాప్ నాలుగు కార్లనైనా ఇంటి దగ్గర ఆపగలుగుతుంది.